టమరాక్ చెట్టు దాకా

మా సరస్సుల సీమ ఎక్కడ మొదలవుతుందని అడిగితే ఏ ఇద్దరూ ఒక్క మాట చెప్పరు. టొరంటో వదిలి ఉత్తరంగా వస్తుంటే రోడ్డుకి రెండు పక్కలా గులాబీ రంగు రాయి నేలని చీల్చుకుని పైకి లేచే చోట మొదలవుతుందని మా మామగారు అనేవారు. పొలాలు అయిపోయి, పడవలు బాగుచేసే షెడ్లు కనబడే చోటని ఇంకొందరంటారు. నన్నడిగితే మాత్రం, కారు నడుపుతున్న మా ఆయన హెక్టర్ ఉన్నట్టుండి రేడియో కట్టేసి, "ఈ చలికాలం డెస్మండ్ ఏం వెలగబెట్టి ఉంటాడో!" అని పళ్ళు కొరికే చోట మొదలవుతుంది.

మ్యాపుల సంగతి ఇంకో గొడవ. రెండు టౌన్‌షిప్‌ల హద్దు గీత మా హార్నెట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. నీళ్ళ మీద గీత ఎవరికి కనిపిస్తుంది? అటు గట్టుకి చెత్తబండి మంగళవారం వస్తుంది, మాకు శుక్రవారం. ఉన్న తేడా అంతే. అయినా అటువాళ్ళు తామే అసలైన సీమవాళ్ళమనీ, మేము అంచు పట్టుకుని వేలాడుతున్నామనీ అంటారు. వాళ్ళ పడవలకి చప్పుడు ఎక్కువ, సరుకు తక్కువ అని మేమంటాం. సరస్సు నడిమధ్యలో కందిరీగ నడుములా సన్నబడుతుంది. ఆ నడుముకి ఇవతల చిన్న ఒంపులో రెండే కాటేజీలున్నాయి. ఒకటి మాది, అంటే మెక్లెమ్ వాళ్ళది. పడమటి పక్కది డెస్మండ్ ట్రూడెల్‌ది.

రెండింటికీ మధ్య కంచె లేదు. మా వైపు కంచె వేయడమంటే పక్కవాడి మొహం మీద తలుపు వేసినట్టే. హెక్టర్ తాతా, డెస్మండ్ తాతా చెయ్యీ చెయ్యీ కలుపుకుని తేల్చుకున్న హద్దు ఒకటుంది. గుట్ట మీద పాతిన ఇనుప కడ్డీ నుంచి, నీళ్ళ అంచున నాచునేలలో నిలబడ్డ టమరాక్ చెట్టు దాకా. చెట్టుకి రెండు వైపులా బెరడు చెక్కి గుర్తు పెట్టారు. దస్తావేజులో కూడా 'టమరాక్ చెట్టు దాకా' అనే రాయించారు. ఓ రాయి పాతుకోవచ్చుగా? రాళ్ళకేం కరువా మాకు? ఆకులు సూదుల్లా ఉండి, శీతాకాలం ముందు పసుపు రంగుకి తిరిగి రాలిపోయే ఆ బక్క చెట్టే దొరికింది వాళ్ళకి. విస్కీ పుచ్చుకుని వేసుకున్న హద్దు అంతకన్నా బాగా ఎలా ఉంటుంది.

ఏటా మే నెల సెలవుల్లో, కాటేజీలు తెరిచిన రోజున, రెండు ఇళ్ళ పెద్దలూ కడ్డీ దగ్గర నిలబడి, ఒక కన్ను మూసి చెట్టు వైపు చూడాలి. "కనిపిస్తోందా?" అని ఒకరు అడగాలి. "కనిపిస్తోంది," అని రెండోవారు చెప్పాలి. ఆ తర్వాత చెరో గుక్క రై విస్కీ. దీన్ని మేము 'గీత చూడడం' అంటాం. తాతలు చూశారు, తండ్రులు చూశారు, ఇప్పుడు హెక్టర్, డెస్మండ్ చూస్తున్నారు. చిన్నప్పటి నుంచీ వేసవులన్నీ ఈ నీళ్ళలోనే కలిసి ఈదిన ఇద్దరూ ఆ ఒక్క నిమిషం మాత్రం కోర్టులో సాక్షుల్లా మొహాలు పెడతారు.

ఆ గీతకి మా వైపు, బారెడు దూరంలో లోర్న్ గది ఉంది. లోర్న్ నా మరిది. పాత పడవల షెడ్డు కూల్చిన చెక్కలతో, ఎవరినీ చెయ్యి వేయనివ్వకుండా తనే కట్టుకున్న ఒంటి గది. ఒక మంచం, ఒక కిటికీ, భుజంతో నెడితే గానీ పడని తలుపు. ఓ చలికాలం గుండె ఆగి పోయాడు. అతని గళ్ళ చొక్కా ఇప్పటికీ మేకుకే ఉంది. హెక్టర్ తమ్ముడి అంత్యక్రియల్లో ఏడవలేదు. కానీ రోజూ మధ్యాహ్నం ఆ గదిలోనే కునుకు తీస్తాడు. దాని కప్పు మీద రాలిన పైన్ సూదులు తనే ఊడుస్తాడు, నన్ను చీపురు ముట్టుకోనివ్వడు. ఆ గది పోతే మా ఆయన ఏమైపోతాడో నాకు తెలుసు. అందుకే ఆ వేసవి జరిగిన వాటికి అతన్ని పూర్తిగా తిట్టలేను.

ఆ మే నెలలో గీత చూడడం అయ్యాక, గ్లాసు కింద పెట్టకుండానే డెస్మండ్ అన్నాడు.

"మోకాళ్ళు పోయాయిరా హెక్టర్. రేవు మెట్లు దిగితే ఎక్కలేకపోతున్నా. ఇల్లు అమ్మేస్తున్నా. టొరంటోలో పళ్ళ డాక్టరట, ఆయన కొంటున్నాడు."

"నీ ఇల్లు, నీ ఇష్టం," అన్నాడు హెక్టర్.

"జులైలో సర్వేయరు వస్తుంది. పోయేలోపు ఈ గీత గట్టిగా వేయించి పోతా."

"ఎందుకు? తాతలు వేసింది చాల్లేదా?"

"నీకూ నాకూ చాలు. డాక్టరుకి చాలదు."

ఇంట్లోకి వచ్చాక హెక్టర్ బూట్లు కూడా విప్పలేదు. "విన్నావా విన్నీ? 'గట్టిగా' అన్నాడు. గట్టిగా అంటే ఏంటి?"

"గట్టిగా అంటే గట్టిగానే. నీ తల లాగా."

"నవ్వు. నవ్వుతూ ఉండు. పోయేవాడికి గీతతో పనేంటి? ఎంత ఎక్కువ నేల చూపిస్తే అంత మంచి బేరం. అదీ సంగతి."

ఆ రోజు నుంచి బైనాక్యులర్ అతని మెళ్ళోంచి దిగలేదు. లూన్ పక్షుల కోసం నేను కొనుక్కున్నదది. తల్లి లూన్ తన పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని ఎదురుగా తిరుగుతున్నా చూసే దిక్కు లేదు. మా ఆయన చూపంతా డెస్మండ్ మీదే. డెస్మండ్ పొద్దున్నే పడవలో నాచునేల దాకా వెళ్తున్నాడు, చెట్టు మొదలు తడుముతున్నాడు, వెనక్కి వస్తున్నాడు. మధ్యాహ్నం రంపం మిషను చప్పుడు. సాయంత్రం రేవు మీద కూర్చుని ఆకురాయితో దాని పళ్ళు సానబెడుతున్నాడు.

"కట్టెలు కోసుకుంటున్నాడయ్యా," అన్నాను.

"ఇల్లు అమ్మేవాడికి కట్టెలెందుకు?"

 అనుమానం అంటురోగం లాంటిది. ఒకే పళ్ళెంలో తింటూ, ఒకే దుప్పటి కప్పుకుంటూ, అది నాకు అంటదని ఎలా అనుకున్నానో! ఓ పొద్దున బ్లూబెర్రీలు కోయడానికి గుట్ట ఎక్కాను. కడ్డీ దగ్గర డెస్మండ్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఒక కన్ను మూశాడు. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి, చెట్టు వైపు చూస్తూ, వేలుని కాస్త మా వైపు జరిపి, మళ్ళీ వెనక్కి జరిపి ఏదో గొణుక్కుంటున్నాడు. గీత చూడడం ఎప్పుడూ ఇద్దరూ చేసేదే. ఒంటరిగా చూసినవాణ్ణి నేను ఎరగను. నన్ను చూసి చెయ్యి ఠక్కున జేబులో పెట్టేసుకున్నాడు.

"బెర్రీలు బాగున్నాయా విన్నీ?"

"ఇంకా పుల్లగానే ఉన్నాయి," అన్నాను. నా గిన్నెలో అప్పటికి ఒక్కటీ లేదు.

ఇంటికి వచ్చి చెప్పకుండా ఉంటే పోయేది. చెప్పాను. హెక్టర్ గెలిచినవాడిలా బల్ల మీద చరిచాడు. ఏటా మొదటి వాయి తీపి బటర్ టార్టుల్లో సగం డెస్మండ్‌కి పంపడం మా అత్తగారి నాటి అలవాటు. ఆ వారం నేను పంపలేదు. పంపలేదని డెస్మండ్ అడగనూ లేదు. అడగకపోవడం కూడా మాకు అనుమానంగానే తోచింది.

చివరికి హెక్టరే కదిలాడు. పడవలో చేపలకి పోతున్నట్టు నటిస్తూ డెస్మండ్ రేవు పక్కన ఆపాడు. నేను ముందు కూర్చుని ఉన్నాను.

"మన టమరాక్ ఎలా ఉంది డెస్మండ్? ఈ మధ్య నువ్వు దాన్ని బాగా పలకరిస్తున్నావు."

డెస్మండ్ ఆకురాయి ఆపలేదు. "నిలబడే ఉంది. సర్వేయరు వచ్చేదాకా నిలబడితే చాలు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత పడ్డా ఒకటే, లేచినా ఒకటే." అతను తలెత్తి హెక్టర్ వైపు కాసేపు చూశాడు. "ఏంట్రా, బైనాక్యులర్ మెడకి అతుక్కుపోయిందా? డాక్టరుకి చూపించు."

హెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. పడవని నాచునేల వైపు తిప్పాడు. ఆ నాచునేల మీద ఎవరూ నడవరు. కాలు పెడితే మోకాలు దాకా దిగుతుంది, ఈగలు పీక్కు తింటాయి. ఇన్నేళ్ళూ ఆ చెట్టుని గుట్ట మీంచి చూడ్డమే గానీ, దాని దగ్గరికి పోయిన పాపాన మేం పోలేదు. ఆ రోజు పోయాం.

చెట్టు మొదలుకి, ఛాతీ ఎత్తులో తాడు కట్టి ఉంది. వేలు లావు పడవ తాడు. బెరడుకి ఆనే చోట పాత ఆకుపచ్చ రబ్బరు గొట్టం తొడిగారు. తాడు బిగుసుకుని పడమరగా పోయి, డెస్మండ్ గట్టున రాతిలో దిగ్గొట్టిన ఇనుప రింగుకి ముడిపడి ఉంది.

హెక్టర్ గొంతు తగ్గించి అన్నాడు. "చూశావా? చెట్టు కొట్టేముందు ఏం చేస్తాం? పడాల్సిన వైపుకి తాడు కట్టి బిగిస్తాం. రంపం సానబెట్టాడు. తాడు బిగించాడు. సర్వేయరు వచ్చే పొద్దున కోసేస్తాడు. చెట్టు నీళ్ళలో. 'గాలికి పడింది మేడమ్, ఇదిగో ఇక్కడుండేది' అని లోర్న్ గదికి అవతల వేలు చూపిస్తాడు. నువ్వు చూసిన బొటనవేలు అదే."

"మరి ఈ రబ్బరు గొట్టం?"

"ఆకుపచ్చది చూసే తొడిగాడు, తాడు మన కంట పడకూడదని."

నేను గొట్టాన్ని ముట్టుకుని చూశాను. బెరడు కోసుకుపోకుండా దానికి లోపల గుడ్డ కూడా చుట్టి ఉంది. కొట్టేసే చెట్టుకి అంత ముద్దెందుకని ఒక్క క్షణం అనిపించింది. నిజంగా అనిపించింది. కానీ నోరు విప్పలేదు. ఆ పాటికి నాకూ డెస్మండ్ దొంగగానే కనిపిస్తున్నాడు, దొంగ చేసే ప్రతి పనీ దొంగతనంగానే ఉంది.

సర్వేయరు రావడానికి ముందు రోజు డెస్మండ్ సరుకులకని ఊళ్ళోకి వెళ్ళాడు. అతని పడవ నడుము దాటి మాయమవడం చూసి హెక్టర్ చేపల కత్తి తీసుకున్నాడు. నేను పడవని కదలకుండా పట్టుకున్నాను. తాడు తెగడానికి ఎంతోసేపు పట్టలేదు. తెగి నీళ్ళలో పడింది. చెట్టు కొంచెం ఊగి ఆగిపోయింది. మేం చూస్తూ ఉన్నాం. ఏమీ కాలేదు.

"ఇక కోసుకోమను," అన్నాడు హెక్టర్. ఎన్ని రోజుల తర్వాతో అతను ఈల వేశాడు.

మధ్యాహ్నం పడమటి గాలి లేచింది. అది రోజూ లేచేదే. హెక్టర్ లోర్న్ గదిలో పడుకున్నాడు. నేను వరండాలో టీ తాగుతూ కూర్చున్నాను. కాసేపటికి చూపు ఏదో తేడా పట్టింది. అద్దాలు తుడుచుకున్నాను. తేడా అలాగే ఉంది. టమరాక్ చెట్టు దాని చోట లేదు. దానికి ఇవతల, మా వైపు ఉంది. చూస్తుండగానే ఇంకాస్త ఇవతలికి వచ్చింది. నిటారుగా, కొమ్మ వంచకుండా, పెళ్ళికి పోతున్న పెద్దమనిషిలా నడిచి వస్తోంది. దాని కింద నాచునేల ముక్క కూడా వస్తోంది. ఆ ముక్క మీద ఓ కొంగ ఒంటికాలి మీద నిలబడి, ఇదంతా తనకి మామూలే అన్నట్టు ప్రయాణం చేస్తోంది.

"హెక్టర్!" అని అరిచాను. "హెక్టర్, చెట్టు! చెట్టు మనింటికి వస్తోంది!"

అతను ఒంటి చొక్కాతో బయటికి పరిగెత్తుకొచ్చాడు. అప్పటికి చెట్టు లోర్న్ గది కిటికీ ముందు నుంచి వెళ్తోంది. మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆ నేల నేల కాదు. నాచు, వేళ్ళు పెనవేసుకుని నీళ్ళ మీద తేలుతున్న తెప్ప. తాతలిద్దరూ తెప్ప మీద మొలిచిన చెట్టుని హద్దు చేసుకున్నారు. దాన్ని ఇన్నాళ్ళూ నిలబెట్టింది ఆ తాడు. గది దాటి, రేవు దాటి, తూర్పు రాళ్ళకి తగులుకుని చెట్టు ఆగింది. దస్తావేజు ప్రకారం ఇప్పుడు కడ్డీ నుంచి చెట్టు దాకా గీత గీస్తే లోర్న్ గది డెస్మండ్ వైపు పడుతుంది. అంటే రేపటి నుంచి డాక్టరు వైపు.

డెస్మండ్ పడవ నడుము మలుపు తిరిగి వచ్చింది. ఒంపులోకి రాగానే ఇంజను ఆపేశాడు. సరుకుల సంచుల మధ్య కూర్చుని, చెట్టు లేని చోటు వైపు చూశాడు. చెట్టు ఉన్న చోటు వైపు చూశాడు. తర్వాత మా వైపు చూశాడు.

"తాడు తెగిందా, తెంపారా?"

హెక్టర్ తల వంచుకున్నాడు.

"ఒరేయ్, నిన్నే."

"నువ్వు చెట్టు కొట్టేస్తావనుకున్నా," అన్నాడు హెక్టర్.

డెస్మండ్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. చివరికి పడవని మా రేవుకి చేర్చి, మోకాళ్ళు పట్టుకుంటూ ఎక్కి కూర్చున్నాడు.

"కింద ఆనకట్ట ఎత్తు పెంచిన ఏడాది నీళ్ళు పైకి వచ్చాయి చూడు, అప్పుడే అడుగున పట్టు వదిలింది ఆ తెప్ప. మేలో నేనొచ్చేసరికి లోర్న్ ఆ గట్టున నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. చెట్టు తన గది గుమ్మం దాకా వచ్చేసింది. ఇద్దరం రెండు పడవలతో లాగి, కడ్డీ నుంచి గుర్తు చూసుకుని, మళ్ళీ దాని చోట నిలబెట్టాం. రాయిలో రింగు కొట్టింది వాడే. అప్పట్నుంచీ ఏటా మీరు రాకముందే తాడు మారుస్తున్నాం. వాడు పోయాక నేనొక్కణ్ణే మారుస్తున్నా."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు హెక్టర్. 

"వాడే వద్దన్నాడు. 'మా అన్నకి చెప్పకు డెస్మండ్, చెప్తే రోజూ పొద్దున్నే లేచి కొలుస్తాడు, ఇక ఆ గదిలో నిద్రపోడు' అన్నాడు." డెస్మండ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "సర్వేయర్ని పిలిచింది డాక్టరు కాదు, నేను. చెట్టు సరైన చోట ఉన్నప్పుడే గీత వేయించేస్తే, నేను పోయినా ఆ గదికి భయం ఉండదని."

"మరి కట్టెలు?" అన్నాను నేను. ఏదో ఒకటి అనాలి కదా.

"మీకే. షెడ్డులో మీ పేరు మీదే పేర్చా. మోకాళ్ళు పూర్తిగా పోకముందు ఇచ్చిపోదామని."

నాకు బటర్ టార్టులు గుర్తొచ్చాయి. హెక్టర్ లేచి మా పడవ తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. వెలుతురు ఉండగానే చెట్టుని వెనక్కి లాగుదామన్నాడు. రెండు పడవలూ కట్టాం, ఇద్దరూ ఇంజన్లు వేశారు, నేను కర్రతో తెప్పని నెట్టాను. గాలి ఎదురు. తెప్ప పాతబడి పోయింది, మధ్యలో చీలింది. చెట్టు వేళ్ళు పైకి లేచాయి. హెక్టర్ "ఆపు, ఆపు!" అని అరుస్తుండగానే టమరాక్ పక్కకి ఒరిగి, మెల్లగా నీళ్ళ మీద పడుకుంది. చెట్టు పడిపోతుందన్న భయంతోనే తాడు కోసిన మనిషి, దాన్ని తన చేత్తోనే పడగొట్టాడు.

మర్నాడు సర్వేయరు మిస్ కొర్రిగన్ వచ్చింది. వెనకే డాక్టరు వానెక్ కూడా వచ్చాడు. తెల్లటి బూట్లు వేసుకుని, రాయి రాయికీ చూసుకుంటూ దిగాడు. గుట్ట మీద కడ్డీ దొరికింది. కిందకి చూస్తే చెట్టు లేదు.

"ఇదేనా టమరాక్?" అని వానెక్ మా రేవు పక్కన పడున్న చెట్టుని చూపించాడు. "చెక్కిన గుర్తు కూడా ఉందే. అయితే గీత ఇక్కడికి రావాలి. ఈ చెక్క గది నా వైపు అవుతుంది."

"పడిన చెట్టు హద్దు కాదండీ," అంది మిస్ కొర్రిగన్. "నిలబడ్డప్పుడు ఎక్కడుందో కావాలి. ఎవరైనా చూపించగలరా?"

డెస్మండ్ కడ్డీ పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. ఒక కన్ను మూశాడు. ఖాళీ నీళ్ళ వైపు చెయ్యి చాచాడు.

"అదిగో. కనిపిస్తోందా హెక్టర్?"

వానెక్ నవ్వాడు. "అక్కడేముంది కనిపించడానికి? సర్వేయర్ గారూ, ఇది చూస్తున్నారా? చెట్టు సరిగ్గా నిన్న పడుతుంది, ముసలాళ్ళిద్దరికీ నీళ్ళలో ఒకే చోట కనిపిస్తుంది! ఇద్దరూ కూడబలుక్కున్నారు."

మిస్ కొర్రిగన్ మాత్రం నవ్వలేదు. హద్దుల దగ్గర అబద్ధాలు వినడం ఆవిడ ఉద్యోగం. "చెట్టు అక్కణ్ణుంచి ఇక్కడికి ఎలా వచ్చింది మిస్టర్ మెక్లెమ్?" అంది, హెక్టర్ కళ్ళలోకి సూటిగా చూస్తూ.

హెక్టర్ లోర్న్ గది వైపు చూశాడు. ఏమీ తెలియదంటే సరిపోయేది, గాలికొచ్చిందంటే సరిపోయేది. కానీ ఆ ఇద్దరి అనుమానం ఎలాంటిదో అక్కడున్న అందరికన్నా అతనికే బాగా తెలుసు. అది సగం మాటతో చల్లారదు.

"తాడు నేనే కోశానండీ," అన్నాడు. "ఈ డెస్మండ్ నన్ను మోసం చేస్తున్నాడనుకున్నా. మోసం చేయలేదు. నా తమ్ముడి గది కోసం, తనకి నష్టమైనా, ఆ చెట్టుని ఇన్నేళ్ళూ కట్టి నిలబెట్టాడు. నేను కత్తి తీసుకెళ్ళి కోసేశా. మా ఆవిడ పడవ పట్టుకుంది. తాడు ముక్క ఇంకా రింగుకే వేలాడుతోంది, చూసుకోండి."

ఆ చివరి ముక్క, నన్ను ఇరికించడం, అవసరం లేదు. కానీ ఆ క్షణంలో నేను అతన్ని క్షమించాను.

మిస్ కొర్రిగన్ పడవలో వెళ్ళి రింగు చూసింది. దానికి కట్టి ఉన్న తాడు ముక్క చూసింది. చెట్టుకి వేలాడుతున్న మిగతా తాడు తెప్పించి, రెండు కొసలూ కలిపి, రింగు నుంచి లాగి పట్టించింది. ఆ కొస తాకిన చోటా, డెస్మండ్ వేలు చూపించిన చోటా ఒకటే అయ్యాయి. ఆ గట్టు రాతిలో, గీత నీళ్ళలోకి దిగే చోట, కొత్త ఇత్తడి గుర్తు కొట్టి పోయింది. వానెక్ చివరిదాకా తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. అయినా ఇల్లు కొన్నాడు. ఆ సూర్యాస్తమయం చూసి కొనని పళ్ళ డాక్టరు ఉండడు.

మళ్ళీ మే వచ్చింది. కారులో హెక్టర్ రేడియో కట్టలేదు. గులాబీ రాళ్ళు వచ్చాయి, పోయాయి, అతను ఏమీ అనలేదు. నాకే ఏదో వెలితిగా ఉంది. కాటేజీ తెరిచాక విస్కీ సీసా, రెండు గ్లాసులు పట్టుకుని గుట్ట ఎక్కాడు. వెనకే నేనూ ఎక్కాను. డెస్మండ్ ఇప్పుడు ఊళ్ళో లిఫ్టు ఉన్న అపార్టుమెంటులో ఉంటున్నాడు. హెక్టర్ కడ్డీ దగ్గర నిలబడి ఫోను చేసి స్పీకరు పెట్టాడు.

"ఎవరది?" అన్నాడు డెస్మండ్.

"నేనేరా. కడ్డీ దగ్గరున్నా. నువ్వెక్కడున్నావు?"

"కిటికీ దగ్గర. ఎదురుగా కార్లు పెట్టే చోటు, అవతల టైర్ల కొట్టు."

హెక్టర్ ఒక కన్ను మూశాడు. ఖాళీ నీళ్ళ వైపు చెయ్యి చాచాడు. 

"కనిపిస్తోందా?"

 టైర్ల కొట్టు ముందు ఎవరో హారన్ కొట్టడం వినబడింది.

"కనిపిస్తోంది," అన్నాడు డెస్మండ్.

హెక్టర్ రెండు గ్లాసులూ తనే తాగాడు. తర్వాత కడ్డీ పక్కన రాతి మీద కూర్చుని, తమ్ముడు పోయిన ఇన్నాళ్ళకి, నా ముందే ఏడ్చాడు. నేను కొంగని చూస్తున్నట్టు నటించాను.

దిగి వస్తుంటే పక్క వరండాలో ఏదో తళుక్కుమంది. వానెక్. మా మీదికే బైనాక్యులర్ గురిపెట్టి నిలబడ్డాడు. ఏమీ లేని నీళ్ళ వైపు చెయ్యి చూపిస్తూ, ఫోనులో మాట్లాడుతూ, రెండు గ్లాసులతో తాగి, ఏడ్చిన మనిషిని అతను మొదటి నుంచీ చూసినట్టున్నాడు. ఆ వారం తిరక్కుండానే తన గోడకి ఓ కెమెరా బిగించాడు. అది లోర్న్ గది వైపే చూస్తూ ఉంటుంది.

"వీడి మొహం మండ! ఏం దోచుకుపోతామని?" అన్నాను.

హెక్టర్ లోర్న్ గది కప్పు మీద సూదులు ఊడుస్తున్నాడు. చీపురు ఆపి ఆ కెమెరా వైపు చూశాడు, పాత చుట్టాన్ని చూసినట్టు.

"తిట్టకు విన్నీ. టార్టులు చేస్తున్నావుగా, సగం అటు పంపు," అన్నాడు.